ఒకే చెయ్యి ఎరిగిన చిలక

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో పోస్టుమాన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. చిలకలక్క అంటే చాలు, ఎవరైనా సరే మేడమెట్లు చూపిస్తారు. కింది వాటా చెల్లెలిది. చెల్లెలూ మరిదీ కలిసి బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపు నడుపుతారు. పై వాటా చిలకలది. వాటి మధ్య ఒక మంచం వేసుకోవడానికి చిలకలక్కకి కూడా కాస్త చోటు దొరికిందని చెప్పుకోవాలి.

అన్నీ ఒకే జాతి చిలకలు. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తోక, మనిషిని నఖశిఖపర్యంతం కొలిచే చూపు. జంటలన్నీ పెద్ద గదిలో ఉండేవి. ప్రతి పంజరానికీ వెనకవైపు ఒక చెక్కపెట్టె, దానికి గుండ్రటి కన్నం. ఆ పెట్టెలోనే గుడ్లు, పిల్లలు. పెట్టెకి వెనక చిన్న తలుపు ఒకటి ఉంటుంది. ఆ తలుపు తీసే హక్కు ఇంట్లో ఒక్క చిలకలక్కకే ఉండేది.

చిలక పిల్ల పుట్టినప్పుడు చూస్తే ముద్దు రాదు. ముడతల చర్మం, మూసుకున్న కళ్లు, ఒంటికి మించిన తల. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నారు గనక తల్లి దాన్ని మేపుతుంది గానీ, లేకపోతే ఎవరు మేపుతారు! కళ్లు తెరిచి, ఒంటి మీద ఈకల మొలకలు ముళ్లలా పొడుచుకొచ్చే దాకా చిలకలక్క ఆ పెట్టె జోలికి పోయేది కాదు. ఆ తర్వాత రోజూ ఒకసారి, తల్లి గింజల కోసం ముందువైపుకి వచ్చినప్పుడు, వెనక తలుపు తీసి ఒక్కో పిల్లనీ బయటికి తీసేది. రెండు చేతులూ దోసిలిగా మూసి, గొంతు కిందికి ఆనించుకుని, మాట్లాడకుండా కూర్చునేది. మొదట్లో పిల్ల గుండె, కింద షాపులో మిషను కుట్టినట్టు దడదడలాడేది. అది నెమ్మదించాక తిరిగి గూట్లో పెట్టేది. మేపే పని మాత్రం తల్లిదండ్రులదే.

ఈ పద్ధతి ఆవిడకి సులువుగా ఒంటబట్టలేదు. మొదట్లో కళ్లైనా తెరవని పిల్లల్ని తల్లి నుంచి వేరు చేసి, చెంచాతో తానే మేపేది. ఎంత చిన్నప్పుడు తీస్తే అంత మచ్చిక అవుతాయని నమ్మకం. మచ్చిక అయిన మాట నిజమే. కానీ వాటిలో కొన్నిటికి గొంతు కింద సంచిలో తిండి అరక్క పులిసిపోయేది. కొన్నిటికి కాళ్లు వంకరపోయేవి. బతికి బట్టకట్టినవి పెద్దయ్యాక, మనిషి కనబడకపోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవి. పక్షుల డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా తా పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు ఉండేది చిలకలక్క. ఒక గూటి పిల్లలు మొత్తం ఆవిడ చేతుల్లోనే పోయాక గానీ వినలేదు. తల్లి దగ్గరే వదిలేసి, రోజూ కాసేపు చేతిలో పట్టుకున్న పిల్లలు బొద్దుగా, గట్టిగా పెరిగాయి. చేతికీ వచ్చాయి. అది కళ్లారా చూశాక పద్ధతి మార్చుకుంది.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "ఒక్క మీ చెయ్యే కాదండీ, ఇంట్లో నలుగురి చేతుల్లోనూ పెట్టండి. లేకపోతే అవి మనుషులకి మచ్చిక కావు, మీకు మాత్రమే అవుతాయి." ఈ మాట మాత్రం చిలకలక్క చెవికెక్కలేదు. ఒక గూటి పిల్లల్ని ఒక్క చెయ్యే ముట్టాలి, ఆ చెయ్యి తనదే అయి ఉండాలి. అది ఆవిడ శాసనం. చెల్లెలు ముచ్చటపడి వేలు చాపినా కసురుకునేది. కొనుక్కుపోయినవాళ్లు, పిల్ల కరుస్తోందని తిరిగొచ్చి మొత్తుకుంటే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఓపిక లేనివాళ్లంతా నా పిల్లల్ని అంటారు" అని మూతి తిప్పేది.

ఆ శాసనానికి మూలం దొర.

దొర చిలకల్లోకెల్లా పెద్దవాడు. ఛాతీ విరుచుకుని, మెడ ఎత్తి, నేల తనదే అన్నట్టు నడుస్తాడు గనక ఆ పేరు. వాడు పుట్టినప్పుడు చిలకలక్క ఇంకా చిలకలక్క కాలేదు. లారీ నడిపే భర్త దారిలోనే ప్రాణం పోగొట్టుకుంటే, పొట్టకోసం ఒక పిట్టల షాపులో పంజరాలు కడిగే పనికి కుదిరిన కొత్త వితంతువు. ఒక రోజు పొద్దున్నే ఒక జంట తమ ఆఖరి పిల్లని గూట్లోంచి బయటికి తోసేసింది. షాపు ముసలాయన చూసి, "వదిలెయ్యమ్మా, అది బతకదు" అన్నాడు.

ఆవిడ వదల్లేదు. ఒక డబ్బాలో దూది పరిచి, పక్కన బల్బు వెలిగించి, అందులో పడుకోబెట్టింది. గింజల పొడి జావలా కాచి, వడగట్టి, అంచులు వంచిన చెంచాతో పోసింది. జావ వేడెక్కువైతే పిల్ల గొంతు కాలుతుంది. చల్లబడితే సంచిలోంచి కిందికి దిగదు. ప్రతిసారీ మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసుకోవాలి. మధ్యలో ఏడుపొస్తే జావ చల్లారిపోయేది, మళ్లీ కాయాల్సి వచ్చేది. అందుకని ఏడుపు మానుకుంది. భర్త పోయిన దుఃఖం నుంచి తనని లాగి ఒడ్డున పడేసింది ఆ బోడిపిట్టేనని ఆవిడ ఎప్పుడూ చెప్పేది. అతిశయోక్తి ఏమీ లేదు.

దొర కళ్లు తెరిచి మొదట చూసింది ఆవిడ ముఖాన్నే. ఇక ఆ తర్వాత వాడికి ఈ లోకంలో ఇంకో ముఖంతో పని పడలేదు. ఆవిడ కంచంలో తినేవాడు, ఆవిడ మంచం తలాపున నిద్రపోయేవాడు. వాడి పంజరానికి తలుపుండేది గానీ, అది మూసిన పాపాన ఎవరూ పోలేదు. చెల్లెలు ఒకసారి జాంపండు ముక్క అందించబోతే బొటనవేలు చీరేశాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. "అయ్యో, గట్టిగా కరిచాడా!" అని చిలకలక్క కట్టు కట్టింది గానీ, లోలోపల పొంగిపోయింది. నా వాడు నన్ను తప్ప ఎవరినీ ఎరగడు అనే గర్వం ఉందే, అది మనిషి చేత చాలా తప్పులు చేయిస్తుంది.

దగ్గు మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మందుల షాపు సీసాలు నాలుగైదు ఖాళీ అయ్యాయి. తర్వాత మెట్లెక్కుతుంటే ఆయాసం. మెట్ల మలుపు దగ్గర ఆగి, దండెం మీద ఆరేసిన బట్టలు చూస్తున్నట్టు నటించేది. ఆరేసిన బట్టల్లో అంతసేపు చూడ్డానికి ఏముంటుందని చెల్లెలికి అనుమానం వచ్చింది. బలవంతంగా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

ఆయన ఫోటోలు తీయించి, ఊదించి, చివరికి అడిగాడు. "ఏం పని చేస్తారమ్మా?"

"చిలకల్ని పెంచుతానండి."

"ఎప్పట్నుంచి?"

"మా ఆయన పోయినప్పట్నుంచి."

డాక్టరు చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. ఆ జాతి చిలకల ఒంటి మీంచి తెల్లటి మెత్తటి పొడి రాలుతుందని, అది ఇన్నేళ్లూ ఆవిడ ఊపిరిలోకి వెళ్లిందని, లోపల ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "ఇప్పుడు వాటికి దూరమైతే ఇంతటితో ఆగుతుంది. దూరం కాకపోతే ఆగదు. మందులు రాస్తాను గానీ, అసలు మందు మాత్రం ఇదే."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ చెల్లెలితో అంది, "ఆ పొడి రాలితేనే చిలక ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి రాలని చిలకని చూస్తే నాకు భయం." చెల్లెలు ముఖం పక్కకి తిప్పుకుంది.

ఆ తర్వాత ఇంట్లో కొంతకాలం యుద్ధమే. చిలకలక్క మెట్లెక్కడం, చెల్లెలు మెట్లకి అడ్డం కూర్చోవడం. "నువ్వు పోతే ఆ చిలకలు నిన్ను మోసుకెళ్తాయా?" అని చెల్లెలు అరిచిన రోజు, మరిది కుడుతున్న మిషను ఆపి, "వదినా, ఇది నోటిదురుసుది గానీ, దీని మాటలో తప్పు లేదు" అన్నాడు. జంటలన్నిటినీ తెలిసిన పెంపకందారుకి ఇచ్చేశారు. పెట్టెలో మూడు పిల్లలున్న ఒక్క జంటని మాత్రం కదపలేక ఉంచారు. దాని పని చెల్లెలు నెత్తిన వేసుకుంది. చిలకలక్క మంచం కిందికి దిగింది.

మిగిలింది దొర. వాణ్ని ఎవరికి ఇస్తారు? ఎవరు తీసుకుంటారు?

పైన చిలకలక్క మంచం తీసేసిన గదిలో వాడు ఒంటరివాడయ్యాడు. చెల్లెలు తిండి పెట్టి వచ్చేది, మళ్లీ వెళ్లేసరికి పెట్టింది పెట్టినట్టే ఉండేది. గుండె మీద ఈకలు తానే ముక్కుతో పీక్కోవడం మొదలుపెట్టాడు. గది నిండా బూడిదరంగు ఈకలు. కొన్నిచోట్ల చర్మం కూడా చిట్లింది. "ఇలాగే ఉంటే ఎక్కువ రోజులు నిలవడండీ" అంది డాక్టరమ్మ. ఆవిడ నిష్ఠూరం ఆడలేదు. ఆడినా బాగుండేదని చిలకలక్కకి అనిపించింది.

అడకత్తెరలో పోకచెక్క అయింది ఆవిడ బతుకు. పైకెళ్తే తను పోతుంది, వెళ్లకపోతే వాడు పోతాడు.

చివరికి ఒక దారి దొరికినట్టే కనిపించింది. ముక్కూ నోరూ మూసే గట్టి మాస్కు, కళ్లద్దాలు, చేతులకి తొడుగులు, మెడ నుంచి పాదాల దాకా ఒక అంగీ. ఇవన్నీ వేసుకుని కాసేపు వెళ్లి రావచ్చని ఊపిరితిత్తుల డాక్టరు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. చిలకలక్క పెళ్లికి తయారైనట్టు తయారై మెట్లెక్కింది.

తలుపు తీయగానే దొర కెవ్వుమన్నాడు. వాడికి తెలిసింది ఒక ముఖం, ఒక చెయ్యి. ఈ వచ్చినదానికి ముఖం లేదు. చెయ్యి నీలంగా, నున్నగా ఉంది. గోడ నుంచి గోడకి కొట్టుకున్నాడు, రెక్క చివర చిట్లి రక్తం వచ్చింది. "దొరా, నేనురా, నేనేరా" అంటే మాస్కు లోంచి ఆ గొంతూ ఆవిడది కాకుండా పోయింది. అలమారు మీద మూలకి నక్కి వణికిపోతున్నాడు. తను చేసిన పని ఏమిటో ఆ క్షణాన ఆవిడకి తెలిసింది. మనుషుల్ని నమ్మడం నేర్పలేదు వాడికి. తనను నమ్మడం మాత్రమే నేర్పింది.

చెయ్యి తొడుగు ఊడదీసింది. తర్వాత కళ్లద్దాలు. తర్వాత మాస్కు.

దొర కిందికి దిగాడు. నేల మీద నడుచుకుంటూ వచ్చి, అంగీ పట్టుకుని పైకి పాకి, ఆవిడ గడ్డం కింద తల దూర్చాడు. ఆవిడ చేతిలోంచి గింజలన్నీ తిన్నాడు. చిలకలక్క ఆ గదిలో ఎంతసేపు కూర్చుందో ఆవిడకే తెలియదు. చెల్లెలు వెతుక్కుంటూ వచ్చేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. అట్నుంచి అటే ఆసుపత్రి, ముక్కులో ఆక్సిజన్ గొట్టం. డాక్టరు వాటా కూడా చెల్లెలే తిట్టింది. తిడుతూనే తల దువ్వింది.

ఇంటికొచ్చాక మంచానికి అతుక్కుపోయింది చిలకలక్క. ఒక సాయంత్రం దగ్గు తెర వచ్చింది. అది తగ్గిందో లేదో, పై వాటాలోంచి అలాంటి దగ్గే వినిపించింది. అదే బొంగురు, అదే ఈల, చివర్లో అదే నిట్టూర్పు. గుండీలు కుడుతున్న మరిది తలెత్తాడు. "పైన ఎవరున్నారు? నువ్విక్కడే ఉన్నావుగా వదినా!"

చెల్లెలు పరుగున వెళ్లి వచ్చింది. "దొర, అక్కా. తలుపు దగ్గర నిలబడి నీలాగే దగ్గుతున్నాడు."

చిలకలక్కకి వెంటనే అర్థమైంది. అడవిలో చిలకలు గుంపు చెదిరితే ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పిలుపుకి బదులు వస్తే, ఆహా ఉందిలే అని ఊరుకుంటాయి. మెట్ల మీంచి వినిపించే ఆ దగ్గునే దొర ఆవిడ పిలుపనుకున్నాడు. ఆవిడ దగ్గిన ప్రతిసారీ వాడు బదులిస్తున్నాడు. బదులిచ్చి, తలుపు దగ్గరికి పరుగెత్తి, వస్తుందని కాచుకుంటున్నాడు. చెల్లెలు చేతిలో చెంచా అలాగే ఉండిపోతోంది.

"మీ అలికిడి వినబడుతున్నంత కాలం వాడు ఇంకో చెయ్యి వైపు చూడడు" అని డాక్టరమ్మ చెప్పకముందే ఆవిడ తేల్చుకుంది. నోరు మూసుకోగలదు, మాట మానగలదు. దగ్గు ఆపుకోవడం ఎవరి తరం?

ఊరి రెండో చివర మరిది వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. అక్కడికి మారిపోయేముందు చెల్లెల్ని మంచం పక్కన కూర్చోబెట్టుకుని తన విద్యంతా చెప్పింది. అన్నేళ్లలో ఎవరికీ చెప్పని విద్య.

"ముందు ఊరికే గదిలో కూర్చో. వాడి వైపు చూడకు. బట్టలు కుట్టుకో. వాడికి నీ అలవాటు పడాలి. చెయ్యి పైనుంచి తీసుకెళ్లకు, కింద నుంచి, కడుపు దగ్గరికి చాపు. కొరికితే వెనక్కి లాక్కోకు. లాక్కున్నావంటే, కొరికితే చెయ్యి పోతుందని నువ్వే వాడికి నేర్పినట్టు."

చెల్లెలు బొటనవేలి మచ్చ తడుముకుంది. "నాకు భయమే అక్కా. పిల్లలంటే సరే. ఈ ముసలాడికి ఇప్పుడేం నేర్పుతాను? మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"వంగకపోతే విరుగుతాడే. విరగనివ్వకు."

ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఆ తర్వాత చిలకలక్క ఇంకో మాట అంది. "పెట్టెలో ఆ మూడు పిల్లలున్నాయే, వాటిని నువ్వొక్కదానివే పట్టుకోకు. మరిది చేతికివ్వు, షాపులో గుండీలు కుట్టే అమ్మాయికివ్వు, డాక్టరమ్మ వస్తే ఆవిడకివ్వు. నా మాట వినకు. నేనింతకు ముందు చెప్పిన మాట."

పట్టపగలు, దొర కునుకు తీసే వేళ చూసి ఇల్లు వదిలింది. పైకి వెళ్లి చూడలేదు. చూస్తే కదలలేనని తెలుసు. మరిది సంచి పట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగే లోపే దగ్గు వచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకుంది, కళ్లు బైర్లు కమ్మాయి, అయినా సరిగ్గా ఆపలేకపోయింది. మేడ కిటికీలోంచి బదులు వచ్చింది. "నడువు మరిదీ" అంది ఆవిడ.

ఆ తర్వాత ఆవిడ జీవితమంతా ఫోనులోనే నడిచింది. మొదటి రోజుల్లో చెల్లెలి గొంతు వింటేనే సంగతి తెలిసిపోయేది. ముట్టలేదు. నీళ్లు తాగాడు. ఒక గింజ ఒలిచాడు, తిన్నాడో లేదో తెలియదు. డాక్టరమ్మ గొట్టంతో పోసింది. దగ్గుతూనే ఉన్నాడక్కా, పొద్దస్తమానం దగ్గుతూనే ఉన్నాడు. చిలకలక్క ఫోను పెట్టేసి చెప్పులు వేసుకునేది, గుమ్మం దాకా వెళ్లేది, చెప్పులు విప్పి వచ్చి కూర్చునేది. పెద్దమ్మగారు చూసీ చూడనట్టు ఊరుకునేది. మంచి మనిషి.

మెల్లిగా కబుర్లు మారాయి. కొరికాడు, లాక్కోలేదక్కా, రక్తం వచ్చినా లాక్కోలేదు. ఇవాళ కుట్టుకుంటుంటే దారం లాగాడు. ఇవాళ నా కాలి దగ్గర కూర్చున్నాడు. మూడు చిలకపిల్లల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎవరు చెయ్యి చాపినా ఎక్కేస్తున్నాయట, మరిది అంత పెద్ద గొంతుతో నవ్వినా బెదరడం లేదట. తన చెయ్యి తగలకుండా పెరిగిన మొట్టమొదటి పిల్లలు అవే. అన్నిటికన్నా మంచి పిల్లలూ అవేనని ఆవిడకి ఫోనులోనే తెలిసిపోయింది. సంతోషమూ కలిగింది, గుండెలో ముల్లూ గుచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది. గొంతులో పండగ.

"అక్కా! భుజమెక్కాడు! నా చేతిలోంచి కడుపు నిండా తిన్నాడు. ఈయన వేలు చూపిస్తే కొరకలేదు కూడా."

"ఈకలో?"

"గుండె మీద మొలకలొస్తున్నాయి. పొడి కూడా రాలుతోంది. భయపడకు, నేను మాస్కు పెట్టుకునే వెళ్తున్నా. మొదట్నుంచీ పెట్టుకునే ఉన్నాగా, వాడికి అదే నా ముఖం."

"మంచిదే."

"ఇంకో సంగతి చెప్పనా? దగ్గడం మానేశాడక్కా. కొన్నాళ్లుగా చూస్తున్నా. ఒక్కసారైనా దగ్గలేదు."

చిలకలక్క కోరుకున్నది అదే. దానికోసమే ఇల్లు విడిచింది, దానికోసమే ఇన్నాళ్లూ కనబడని దేవుళ్లందరికీ దండాలు పెట్టింది. తీరా అది జరిగాక ఊపిరి ఆడలేదు, ఈసారి జబ్బు వల్ల కాదు. వాడు బతికాడు. తనని పిలవడం మానేసి బతికాడు.

"అక్కా, ఉన్నావా? పోనీ ఫోను వాడి దగ్గర పెట్టనా? దూరం నుంచే కదా, ఒక్క మాట మాట్లాడు."

పెట్టు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"వద్దే" అంది చిలకలక్క. "తింటున్నాడుగా. తిననీ."

ఫోను పెట్టేశాక దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది. తగ్గాక, అలవాటు కొద్దీ, కాసేపు తలెత్తి పైకప్పు వైపు చెవి పెట్టి కూర్చుంది. ఆ ఇంటికి పై అంతస్తు లేదు.